వంటింటి దుంప వేరు, విత్తన దుంప వేరు

చిరంజీవి సౌభాగ్యవతి మేనకోడలికి,

పర్లాకిమిడి నుంచి అత్తయ్య ఆశీర్వదించి రాస్తున్నది. ఇక్కడ అందరం క్షేమం.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ‘బంగాళదుంప మొక్కలు ఏపుగా పెరిగాయి అత్తయ్యా, తవ్వి చూస్తే గోలీకాయలంత దుంపలు నాలుగే’ అని రాశావు. ఎరువు చాలలేదని నీ అనుమానం. ఎరువు తక్కువైతే మొక్క అలా పెరగదు తల్లీ. కూరకు తెచ్చుకున్న దుంపలను, అదీ సంక్రాంతి వెళ్ళాక పాతావు. తప్పు అక్కడుంది.

ముందు కాలం సంగతి చెబుతాను. బంగాళదుంపకు చల్లని రాత్రులు కావాలి. రాత్రి వేడి 20 డిగ్రీల లోపు ఉంటే ఆకులో తయారైన పిండిపదార్థం కిందికి దిగి దుంప ఊరుతుంది. వేడి పెరిగేకొద్దీ ఊరడం తగ్గిపోతుంది, 30 డిగ్రీల దగ్గర దాదాపు ఆగిపోతుంది. ఆకు మాత్రం పెరుగుతూనే ఉంటుంది. నీ పెరట్లో జరిగింది ఇదే. మన వైపు అలాంటి రాత్రులు నవంబరు చివరి నుంచి ఫిబ్రవరి మొదటి వారాల దాకానే ఉంటాయి. అందుకే దసరా వెళ్ళి వానలు వెనక్కి తగ్గగానే మడి సిద్ధం చేసుకుని, నాగుల చవితి లోపు విత్తన దుంప భూమిలో పెట్టేయాలి. కోరాపుట్‌లో వానాకాలంలోనే వేస్తారని ఎవరైనా చెబితే ఆ లెక్క మీ రాయగడకు తీసుకోకు. కోరాపుట్ దాదాపు మూడు వేల అడుగుల ఎత్తున ఉంది, అక్కడ చలువ ఎక్కువ.

ఇక విత్తనం. దీని గురించి కాస్త ఎక్కువే రాస్తాను, ఎందుకంటే పంట సగం ఇక్కడే తేలిపోతుంది. బజారు దుంప ఎక్కడి పంటో, ఏ రకమో తెలియదు. పేనుబంక పురుగు మోసుకొచ్చే వైరస్ తెగుళ్ళు దుంపలోనే దాగి ఉంటాయి, పైకి కనిపించవు. కొన్నిటికి మొలక రాకుండా మందు కూడా పెడతారు. కాబట్టి ఉద్యానశాఖ కార్యాలయంలోనో, గుణుపురంలోని కృషి విజ్ఞాన కేంద్రంలోనో సెప్టెంబరులోనే అడిగి ఉంచు. ఒడియాలో ‘బిహన ఆలు’ అని అడగాలి, ఉత్త ఆలు అంటే కూరదుంప చూపిస్తారు. రకాల పేర్లన్నీ కుఫ్రీతో మొదలవుతాయి. సిమ్లాలోని కేంద్ర బంగాళదుంప పరిశోధన సంస్థ రకాలు అవి. కుఫ్రీ సిమ్లా దగ్గరి ఊరు. నీకు కుఫ్రీ పుఖ్‌రాజ్ దొరికితే మంచిది, త్వరగా వస్తుంది. కుఫ్రీ సూర్య కొంచెం వేడిని కూడా తట్టుకుంటుంది.

కోడిగుడ్డంత దుంపలు ఏరుకో. కిలోకు పాతిక దాకా తూగుతాయి. రెండడుగుల ఎడంతో సాళ్ళు తీసి, జానెడుకొకటి పెడితే పది అడుగుల సాళ్ళు రెండింటికి సరిపోతాయి. మొదటి ఏడు అంతకు మించి వద్దు.

శీతల గిడ్డంగి నుంచి వచ్చిన విత్తనాన్ని తెచ్చిన రోజే పాతకు. పది పదిహేను రోజులు నీడలో, వెలుతురు తగిలే అరుగు మీద ఒకే వరుసగా పరిచి ఉంచు. చీకట్లో ఉంచితే మొలక తెల్లగా దారంలా సాగి, ముట్టుకోగానే విరిగిపోతుంది. వెలుతురులో అయితే పొట్టిగా, లావుగా, పచ్చగా వస్తుంది. మనకు కావలసింది ఆ మొలక. దుంపకు ఒక కొసన కళ్ళు గుంపుగా ఉంటాయి, ముందుగా అవే మొలుస్తాయి. పెద్ద దుంపను కోయవలసి వస్తే అడ్డంగా కోయకు. ఆ కొస రెండు ముక్కలకూ వచ్చేలా నిలువుగా కోయాలి, ఒక్కో ముక్కకు రెండు మూడు కళ్ళు ఉండాలి. కోసిన చోట పొయ్యి బూడిద అద్ది, రెండు రోజులు నీడలో ఆరనివ్వు. పచ్చి కోత మట్టిలోకి వెళితే కుళ్ళిపోతుంది.

మడి కిందటేడు వంగ, టమాట, మిరప వేసిన చోట వద్దు. అవన్నీ ఒకే కుటుంబం, ఒకదాని తెగులు ఇంకొకదానికి అంటుకుంటుంది. చిక్కుడు తీసిన చోటు ఉంటే అది మేలు. పశువుల గెత్తం బాగా చివికి, వాసన లేకుండా ఉండాలి. పచ్చి పేడ వేస్తే దుంప తొక్క మీద గజ్జి లేస్తుంది. మొలకలు పైకి ఉండేలా, నాలుగు వేళ్ళ లోతున పెట్టి మట్టి కప్పు. మొలక పైకి వచ్చేవరకు నీళ్ళు తక్కువగానే పెట్టు.

నెల రోజులకు మొక్క జానెడు ఎత్తు దాటుతుంది. అప్పుడు మొదలు చుట్టూ మట్టి ఎగదోయాలి. ఈ పని నువ్వు చేయలేదని నీ ఉత్తరం చూస్తేనే తెలిసింది. బంగాళదుంప వేరు కాదమ్మా, మట్టిలో దాగిన కాండం. విత్తన దుంపకు పైన, కాండం నుంచి పక్కలకు తీగల్లాంటి కొమ్మలు పుట్టి, వాటి కొసలు ఉబ్బి దుంపలవుతాయి. ఆ కొమ్మలకు చీకటి కావాలి. మట్టి లేకపోతే అవి పైకి వచ్చి ఆకులు వేస్తాయి, అప్పటికే ఊరిన దుంపలు ఎండ తగిలి పచ్చబడతాయి. మీ మామయ్యకు జబ్బు చేసిన ఏడు నేను మట్టి ఎగదోయలేకపోయాను. బుట్టెడు దుంపల్లో సగానికి పైగా పచ్చబడ్డాయి. అన్నీ పారబోశాను. పచ్చబడిన దుంపలో విషం ఉంటుంది, ఉడికించినా పోదు. పిల్లలున్న ఇల్లు నీది, ఒక్కటి కూడా కూరలో పడనివ్వకు. పూలు పూశాక చిన్న టమాటల్లాంటి కాయలు కాస్తే అవీ విషమే, కోసి పారెయ్యి. రెండు మూడు వారాలకు మళ్ళీ ఒకసారి మట్టి ఎగదోస్తే చాలు.

నీళ్ళు వారం పది రోజులకొకసారి, సాళ్ళ మధ్య మాత్రమే. ఆకుల మీద పోయకు. మంచు పట్టి మబ్బుగా ఉండే ఉదయాలలో ఆకుల అంచున నీరు నానినట్టు నల్లమచ్చలు వచ్చి, అడుగున తెల్లటి బూజు కనిపిస్తే ఆలస్యం చేయకు. ఆ ఆకులు కోసి కాల్చేసి, మాంకోజెబ్ అనే తెగులు మందు లీటరు నీటికి రెండున్నర గ్రాముల చొప్పున కలిపి మిగతా మొక్కల మీద చల్లు. 1845లో ఐర్లండును కరువులోకి నెట్టినది ఈ తెగులే. మడి అంతటా పాకడానికి దానికి వారం చాలు.

రథసప్తమి నాటికి ఆకు పసుపు పచ్చగా మారుతుంది. నీళ్ళు ఆపి, వారం పది రోజులకు పైమొక్కను నేల మట్టానికి కోసెయ్యి, దుంపను ఇంకో పది రోజులు మట్టిలోనే ఉండనివ్వు. తొక్క గట్టిపడేది అప్పుడే. ఒకటి తీసి బొటనవేలితో రుద్ది చూడు, తొక్క లేచి వస్తే ఇంకా ఆగాలి. తవ్విన దుంపలను కడగకుండా నీడలో ఆరబెట్టి, గోనె కప్పి చీకట్లో ఉంచు. ఉల్లిపాయల పక్కన వద్దు.

వాటిలో కొన్నిటిని వచ్చే ఏటికి విత్తనంగా దాచుకోవచ్చా అని అడిగావు. వద్దు. మన ఎండలకు అక్టోబరు దాకా ఇంట్లో నిలవవు, నిలిచినా ఏటేటా తెగులు పేరుకుపోయి పంట తగ్గుతుంది. విత్తనం ఏటా కొత్తదే కొను.

దసరాకు మీ మామయ్యతో రాయగడ వస్తున్నాను. అప్పటికి విత్తనం తెచ్చి అరుగు మీద పరిచి ఉంచు, మొలకలు చూసి ఏవి పెట్టాలో, ఏవి తీసేయాలో చెబుతాను. పిల్లలకు ముద్దులు.

ఇట్లు
నీ అత్తయ్య