పాఠకుల ప్రశ్నలు: తిరగేసి పెడితే వేగం తగ్గే టైప్‌సీ పోర్టు

ప్రశ్న: భీమవరం దగ్గర రొయ్యల చెరువుల నీటినీ, సీడునూ పరీక్షించే చిన్న ల్యాబ్ నడుపుతున్నాను. సూక్ష్మదర్శినికి అమర్చిన కెమెరాను లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకున్న ల్యాప్‌టాప్‌కు టైప్‌సీ కేబుల్‌తో కలుపుతాను. ప్లగ్గును ఒక వైపుగా పెడితే చిత్రం నిలకడగా వస్తుంది, తిరగేసి పెడితే ఆగి ఆగి వస్తుంది. ఈ ప్లగ్గును ఎటు పెట్టినా ఒకటే అంటారు కదా! డ్రైవర్‌లో ఏమైనా మార్చుకోవాలా?

సమాధానం: ఎటు పెట్టినా ఒకటే అన్న మాట ప్లగ్గు ఆకారం వరకు పూర్తిగా నిజం. లోపలి సంగతి వేరు. 2014 ఆగస్టులో వెలువడిన టైప్‌సీ ప్రమాణం ప్రకారం పోర్టులో 24 కాంటాక్టులు ఉంటాయి, పై వరుసలో 12, కింది వరుసలో 12. వాటిలో యూఎస్‌బీ 2.0కు చెందిన జతను రెండు వరుసల మధ్యలోనూ పెట్టి బోర్డు మీద ఒకటిగా కలిపేస్తారు కాబట్టి, సెకనుకు 480 మెగాబిట్ల వేగం వరకు ప్లగ్గు ఎటు తిరిగి ఉందన్న విచారణే అక్కరలేదు. అంతకు మించిన వేగానికి వాడే తీగల జతలు మాత్రం పోర్టులో రెండు సెట్లుగా ఉంటాయి, మీ కెమెరా వంటి పరికరానికి వాటిలో ఒక సెట్టే పనికొస్తుంది. ఏ సెట్టు అన్నది ప్లగ్గు తిరిగిన వైపును బట్టి మారుతుంది. మన వైపు కాలువ రెండుగా చీలే చోట ఏ తలుపు ఎత్తాలో ఎవరో ఒకరు చూసుకుంటేనే నీరు సరైన పాయలోకి వెళ్తుంది కదా, ఇక్కడ ఆ తలుపు పని మక్స్ అనే చిన్న చిప్ చేస్తుంది. ఎటు తిప్పాలో తెలియడానికి పోర్టులో సీసీ అనే కాంటాక్టులు రెండున్నాయి. కేబుల్‌లో సీసీ తీగ ఒకటే ఉంటుంది కనుక, అవతలి పరికరంలోని 5.1 కిలో ఓమ్‌ల నిరోధం ఆ రెండింటిలో ఏ కాంటాక్టు మీద కనబడితే ప్లగ్గు ఆ వైపుకు ఉన్నట్టు లెక్క.

కాబట్టి మీరు ముందుగా తేల్చుకోవలసింది వేగం నిజంగా పడిపోతోందా లేదా అన్నది. టెర్మినల్‌లో ఎల్ఎస్‌యూఎస్‌బీ అని కొట్టి, కొంచెం ఖాళీ విడిచి, అడ్డగీత పెట్టి టీ అక్షరం చేర్చండి. కెమెరా ఉన్న వరుస చివర ప్లగ్గు ఒక వైపు ఉన్నప్పుడు 5000ఎం అనీ, తిరగేసినప్పుడు 480ఎం అనీ వస్తే, వేగపు జతలు అటువైపు అందడం లేదని అర్థం. చాలామంది ఈ దశలో కేబుల్‌ను తిట్టుకుని కొత్తది కొంటారు. రెండు కొనలా టైప్‌సీ ఉన్న కేబుల్‌లో వేగపు తీగల స్థానం ప్లగ్గులోని సీసీ తీగతో ముడిపడి ఉంటుంది. అందువల్ల ల్యాప్‌టాప్ వైపు ప్లగ్గును తిరగేసినా వాడుకలో ఉండేవి కేబుల్‌లోని ఆ తీగలే, మారేది పోర్టులోని కాంటాక్టులు మాత్రమే. తిప్పితే తేడా వస్తోందంటే అనుమానించవలసింది పోర్టును, లేదా దాని వెనకనున్న మక్స్‌ను. రూఢి చేసుకోవడానికి కెమెరా బదులు మరో వేగవంతమైన పరికరాన్ని, బయటి ఎస్‌ఎస్‌డీ వంటిదాన్ని, రెండు వైపులా పెట్టి చూడండి.

ఇక డ్రైవర్ సంగతి. లినక్స్‌లో టైప్‌సీ పోర్టుల కోసం ప్రత్యేక విభాగం 2017లో వచ్చిన 4.12 కెర్నల్‌తో (సిస్టమ్‌కు గుండెకాయ వంటి భాగం) చేరింది. సిస్ ఫోల్డర్‌లోని క్లాస్‌లో టైప్‌సీ అనే ఫోల్డర్ తెరిస్తే పోర్ట్0, పోర్ట్1 అన్న పేర్లు కనిపిస్తాయి. కొన్ని యంత్రాలలో ఆ పోర్టు కింద ఓరియంటేషన్ అనే ఫైలు ఉంటుంది, అందులో నార్మల్, రివర్స్, అన్‌నోన్ అనే మాటలలో ఒకటి కనిపిస్తుంది. మీ యంత్రంలో ఆ ఫైలు లేకపోయినా, ఎప్పుడూ అన్‌నోన్ అనే ఉన్నా కంగారు పడనక్కరలేదు. ఎందుకంటే చాలా ల్యాప్‌టాపులలో తలుపు తిప్పేది ఆపరేటింగ్ సిస్టమ్ కాదు, బోర్డు మీది కంట్రోలరూ, దానిలోనే ఉండే ప్రోగ్రామైన ఫర్మ్‌వేరూ. యూసీఎస్‌ఐ అనే ఏర్పాటు ద్వారా అది జరిగిన పనిని కెర్నల్‌కు నివేదిస్తుంది, యూసీఎస్‌ఐ_ఏసీపీఐ అనే డ్రైవర్ ఆ నివేదికను అందుకుంటుంది. నివేదిక అందుకునేవాడిని మార్చినంత మాత్రాన తలుపు తిరగదు. అందుచేత మీ విషయంలో డ్రైవర్ అమరికల కంటే తయారీదారు ఇచ్చిన బయాస్ (యంత్రాన్ని మొదలుపెట్టే ఫర్మ్‌వేర్) అప్‌డేట్ వేసుకోవడమే సబబు. వేసిన తరువాత చార్జర్ తీసేసి, యంత్రాన్ని పూర్తిగా ఆపి మళ్లీ మొదలుపెట్టండి.

అయితే అంతకంటే ముందు చేయవలసిన పని ఒకటుంది. చెరువుల గట్ల మీద, ఏరేటర్ల తుంపరలో తిరిగే యంత్రమని మీ ఉత్తరాన్ని బట్టి ఊహిస్తున్నాను. ఉప్పు తేమకు కాంటాక్టులు చిలుము పడితే లక్షణాలు అచ్చం ఇలాగే ఉంటాయి. యంత్రాన్ని ఆపి, పోర్టులోకి ఫోన్ టార్చి వేసి, భూతద్దంతో మధ్యనున్న పలుచని నాలుకను రెండు వైపులా చూడండి. ఒక వైపు బంగారు రంగు గీతలు మెరుస్తూ, రెండో వైపు నల్లగానో పచ్చగానో కనబడితే నేరం ఫర్మ్‌వేర్‌ది కాదు. మీ ల్యాబ్‌లో ఉండే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను మెత్తని సన్నని బ్రష్‌తో అద్ది తుడవండి, పూర్తిగా ఆరాకనే కరెంటు ఇవ్వండి. పిన్నీసుతో గీకకండి. పూత పోతే పోర్టు మార్చడమే గతి.

ప్రశ్న: అమలాపురంలో ఇంజనీరింగ్ చదువుతున్నాను. ఆర్‌కే3399 ప్రాసెసర్, ఎఫ్‌యూఎస్‌బీ302 చిప్ ఉన్న బోర్డుకు సొంతంగా కెర్నల్ తయారు చేసుకున్నాను. టైప్‌సీ పోర్టు ఒక వైపే పనిచేస్తోంది. కెర్నల్ అమరికల మెనూలో ఆ చిప్ పేరే కనిపించడం లేదు.

సమాధానం: మీ బోర్డు సంగతి పై సమాధానానికి సరిగ్గా తలకిందులు. ఎఫ్‌యూఎస్‌బీ302 సీసీ కాంటాక్టులను కొలిచి చెబుతుందే తప్ప, ఆ కొలతను బట్టి ఏం చేయాలో నిర్ణయించవలసింది కెర్నలే. ఆ నిర్ణయాలు చేసే భాగం పేరు టీసీపీఎం. మెనూకాన్ఫిగ్‌లో డివైస్ డ్రైవర్స్, దానిలో యూఎస్‌బీ సపోర్ట్, దానిలో టైప్‌సీ సపోర్ట్‌కు వెళ్లి ముందు పోర్ట్ కంట్రోలర్ మేనేజర్‌ను ఎంచుకోండి. అది ఎంచుకోనంత వరకు దాని కింద ఉండే ఎఫ్‌యూఎస్‌బీ302 వరుస కనబడదు. ఐ2సీ మద్దతు కూడా ఉండాలి, ఆ చిప్‌తో కెర్నల్ మాట్లాడేది ఆ తీగల మీదనే. పోర్టు ద్వారా తెరకు చిత్రం పంపదలిస్తే ఆల్టర్నేట్ మోడ్ విభాగంలోని డిస్‌ప్లేపోర్ట్ డ్రైవర్‌నూ చేర్చుకోండి.

ఇవన్నీ పెట్టినా, బోర్డులో ఏ భాగాలున్నాయో కెర్నల్‌కు చెప్పే డివైస్ ట్రీలో రాయకపోతే ఫలితం ఉండదు. చిప్ నోడ్ కింద కనెక్టర్ అనే నోడ్ రాసి, దాని కంపాటిబుల్ విలువగా యూఎస్‌బీ-సీ-కనెక్టర్ అని ఇచ్చి, పవర్ రోల్, డేటా రోల్ తెలిపి, అక్కడి నుంచి వేగపు జతలను తిప్పే భాగానికి లంకె కలపాలి. ఆ లంకె తప్పితే కెర్నల్‌కు వైపు తెలిసినా తలుపు తిప్పమని చెప్పడానికి దారి ఉండదు, అప్పుడు సరిగ్గా మీరు చెప్పిన లక్షణమే కనిపిస్తుంది. నా అనుమానం ముందుగా ఇక్కడే.

బోర్డుకు కరెంటు ఆ పోర్టు నుంచే ఇస్తున్నట్లయితే ఈ డ్రైవర్లను మాడ్యూళ్లుగా (తరువాత ఎక్కే విడి ఫైళ్లుగా) కాక కెర్నల్‌లోనే కలిపేయండి. మాడ్యూల్ ఆలస్యంగా ఎక్కితే పీడీ (పవర్ డెలివరీ) చార్జర్ తాను ఇవ్వగల వోల్టేజీల జాబితా పంపడం అప్పటికే మానేసి ఉండవచ్చు. జాబితా కోసం ఎదురుచూసిన టీసీపీఎం అది రాకపోతే హార్డ్ రీసెట్ సంకేతం పంపుతుంది, దానికి చార్జర్ కరెంటు కట్ చేస్తుంది, బోర్డు మళ్లీ మొదటికి వస్తుంది. మొదలైన కాసేపటికే బోర్డు దానంతటదే ఆరిపోతుంటే కారణం ఇదే కావచ్చు. ప్రయోగాలు చేస్తున్నన్నాళ్లు, వీలుంటే వేరే దారిన కరెంటు ఇవ్వడం మంచిది.

ప్రశ్న: పాలకొల్లులో మాకు డీటీపీ సెంటర్ ఉంది. విండోస్ డివైస్ మేనేజర్‌లో యూసీఎం-యూసీఎస్‌ఐ ఏసీపీఐ డివైస్ దగ్గర పసుపు గుర్తు, కోడ్ 10 వస్తున్నాయి. కొత్త డ్రైవర్ ఎక్కడ దొరుకుతుంది?

సమాధానం: ఎక్కడా వెతకకండి. టైప్‌సీ పోర్టు సంగతిని ఫర్మ్‌వేర్ నుంచి అందుకునే ఆ డ్రైవర్‌ను మైక్రోసాఫ్ట్ విండోస్ 10 నుంచి సిస్టమ్‌తోనే ఇస్తోంది. డ్రైవర్లు పంచే సైట్ల నుంచి దించుకుంటే లేని తలనొప్పి చేరుతుంది. ఫర్మ్‌వేర్ సరైన జవాబు ఇవ్వనప్పుడు సాధారణంగా ఈ గుర్తు వస్తుంది. షిఫ్ట్ మీట నొక్కిపట్టి షట్ డౌన్ చేయండి, ఊరికే చేసే షట్ డౌన్‌లో ఫాస్ట్ స్టార్టప్ కారణంగా కెర్నల్ స్థితి అలాగే నిలిచి ఉంటుంది. అప్పటికీ పోకపోతే ల్యాప్‌టాప్ తయారీదారు సైట్‌లో మీ మోడల్‌కే చెందిన బయాస్ వేసుకోండి. చార్జింగూ, వేగమూ రెండు వైపులా బాగానే ఉంటే మాత్రం ఆ పసుపు గుర్తును చూసీ చూడనట్టు వదిలేయవచ్చు.