సేవకు గ్రీకు ఎందుకని అడిగిన తండ్రికి

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ చేసి హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఇప్పుడు అది మానేసి సెమినరీలో (పాస్టర్లను తయారుచేసే కాలేజీలో) చేరతానంటున్నాడు. బైబిల్లో ఉన్న పౌలు పత్రికలను, అంటే ఆయన ఉత్తరాలను, మూలభాష గ్రీకులో చదివితే గాని దైవసేవ అంటే ఏమిటో తనకు అర్థం కాదట. సేవ చేస్తానంటే మాకు అభ్యంతరం లేదు, చిన్నప్పుడే దేవునికి సమర్పించాం. కానీ అందుకు గ్రీకు ఎందుకు? ఏడాదిలో ఇంటి నుంచే పూర్తయ్యే మిషన్ లీడర్‌షిప్ డిప్లొమా ఉందని తెలిసినవారు చెప్పారు. రెండింటినీ పోల్చి చెప్పండి. సంబంధాలు చూస్తున్నాం, వాళ్లకు ఏమని చెప్పాలో తోచడం లేదు. – విశ్రాంత ఉపాధ్యాయుడు, చీరాల

జవాబు: మాస్టారూ, మీ బాధ గ్రీకు గురించి కాదు, ఆఖరి వాక్యం గురించి. ఉద్యోగం వదిలిన కొడుకు నలుగురిలో చులకన అవుతాడేమో, రేపు ఇల్లు ఎలా గడుస్తుందో అన్నదే మీ భయం. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. కోర్సు పేరు మారుతుంది, భయం మాత్రం ఇదే. అది తప్పు కాదు. కానీ ఒక మాట అనక తప్పదు. సమర్పించామని మీరే అన్నారు. ఆ మాటను కొడుకు నిజమని నమ్మి నిలబడ్డ రోజున మీరు బేరానికి దిగారు. ఇంజినీరింగ్‌కు నాలుగేళ్లు పోసినప్పుడు ఏడాదిలో అయ్యే దారి వెతికారా? మనుషుల చావులో, అప్పులో, కన్నీళ్లలో పక్కన నిలబడాల్సిన పనికి మాత్రం ఏడాది సరిపోతుందా? ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవారు అడగవలసిన ప్రశ్న కాదిది.

ఆ డిప్లొమాల సంగతి చూద్దాం. అన్నీ పనికిరానివని అనను. ఏళ్ల తరబడి సంఘంలో, అంటే చర్చిలో, పనిచేసి, లెక్కలు రాయడం, బృందాన్ని నడపడం నేర్చుకోవాలనుకునే పెద్దవారికి కొన్ని ఉపయోగపడతాయి. ఇరవై నాలుగేళ్ల కుర్రాడి చేతిలో పెడితేనే నాకు దిగులు. వాటిలో ఎక్కువ భాగం ఎలా మాట్లాడాలి, విరాళాలు ఎలా అడగాలి, వీడియోలు ఎలా పెట్టాలి అన్నదే. ఏం మాట్లాడాలన్న చోట గడియారం పరుగెత్తుతుంది. ఎదురుగా కూర్చుని ‘ఇది నువ్వు చెప్పినట్టు లేదు, మళ్లీ చదువు’ అనే గురువు ఉండడు. సర్టిఫికెట్ వస్తుంది, వెంటనే ఫ్లెక్సీ మీద ‘వ్యవస్థాపక అధ్యక్షులు’ అని పడుతుంది, కొన్నాళ్లకు ఎవరో గౌరవ డాక్టరేట్ కూడా ఇస్తామంటారు. దిద్దేవారు లేకుండా పెద్దవాడైన సేవకుడి వల్ల నష్టపోయేది ఆదివారం కానుక వేసే కూలీ కుటుంబాలు. ఇంకొకటి, మన దేశంలో డిగ్రీ ఇచ్చే అధికారం అందరికీ లేదు. 1956 నాటి యూజీసీ చట్టం ఆ విషయంలో స్పష్టంగా ఉంది. క్రైస్తవ వేదాంతంలో డిగ్రీలిచ్చే శ్రీరాంపూర్ కాలేజీకి 1827లో డెన్మార్క్ రాజు ఇచ్చిన సనదు (అధికార పత్రం), ఆపైన 1918 నాటి చట్టం ఉన్నాయి. మీకు చెప్పిన సంస్థకు ఏముందో ఫీజు కట్టక ముందే అడగండి.

ఇక మీవాడు చదవాలనుకుంటున్నవాటి విషయం. ఆ పత్రికలు సిద్ధాంత గ్రంథాలుగా పుట్టలేదు. అవి డబ్బు, జబ్బు, తగాదా, ప్రయాణాల మధ్య రాసిన ఉత్తరాలు. ఫిలిప్పీ సంఘం ఎపఫ్రొదితు చేతికి సహాయమిచ్చి ఖైదులో ఉన్న పౌలు దగ్గరికి పంపింది. అతను చావు అంచు దాకా వెళ్లి కోలుకున్నాడు. తన జబ్బు సంగతి ఊళ్లో వాళ్లకు తెలిసిందని అతను బెంగపడుతుంటే పౌలు అతన్ని తిరిగి పంపించాడు. మిషన్ అంటే ఏమిటో తెలియాలంటే ఫిలిప్పీయులకు రాసిన పత్రికలోని ఆ నాలుగు అధ్యాయాలను నిదానంగా చదవాలి. అందిన సాయానికి కృతజ్ఞత చెబుతూనే దానికి లొంగకుండా ఉండడం ఎంత కష్టమో అందులో కనిపిస్తుంది.

తెలుగులో చదివితే చాలదా అంటారు. భక్తికి చాలు. బోధించేవాడికి ఇంకొంచెం కావాలి. గలతీయులకు రాసిన పత్రిక రెండో అధ్యాయంలో యెరూషలేము పెద్దలతో జరిగిన సమావేశాన్ని చెబుతూ పౌలు వాక్యం మొదలుపెట్టి, మధ్యలో వదిలేసి, మరో వాక్యంలోకి దూకుతాడు. అనువాదకులు చదివేవారి సౌకర్యం కోసం ఆ విరుగుళ్లను అతికించారు. గ్రీకులో అవి అలాగే ఉన్నాయి. అన్యజనులను, అంటే యూదులు కానివారిని, ఏ షరతు మీద చేర్చుకోవాలన్న గొడవ ఆయన్ని ఎంత కుదిపిందో అక్కడ తెలుస్తుంది. ఆనాటి మామూలు జనం ఉత్తరాలు కూడా ఈజిప్టు ఇసుకలో దొరికాయి. అపియోన్ అనే కుర్రాడు రోమన్ నౌకాదళంలో చేరి తండ్రికి రాసిన రెండో శతాబ్దపు ఉత్తరం ఇప్పుడు బెర్లిన్‌లో ఉంది. మొదట తండ్రి ఆరోగ్యం, తర్వాత సముద్రంలో తనను కాపాడిన దేవుడికి కృతజ్ఞత, ఆ తర్వాత కబుర్లు. మీరు నన్ను బాగా చదివించారు కాబట్టి త్వరలో పైకి వస్తానని ఆశిస్తున్నాను అని కూడా రాశాడు. ఇలాంటివి నాలుగు చదివాక గలతీ పత్రిక తెరిస్తే, కృతజ్ఞత ఉండాల్సిన చోట మందలింపు ఉండడం చూసి గుండె ఝల్లుమంటుంది.

1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీల మహాసభలో మన దేశపు క్రైస్తవ సేవకుడు వి.ఎస్. అజరయ్య గారు మిషనరీల ముఖం మీదే మాట్లాడారు. మీరు ఆస్తులిచ్చారు, ప్రాణాలిచ్చారు, మాకు స్నేహితులు కావాలి అన్నది ఆ మాటల సారం. కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ప్రేమ గురించి చెప్పే 13వ అధ్యాయాన్ని ఆయన నేరుగా వాళ్ల మీదికి తిప్పారు. రెండేళ్లకు దోర్నకల్ బిషప్ అయ్యారు. పత్రికలను లోతుగా చదివినవాడు సేవలో ఎలాంటి ప్రశ్న వేయగలడో మన నేల మీదే ఉదాహరణ ఉంది.

తిండి సంగతి. డిగ్రీ తర్వాత బీడీకి (బ్యాచిలర్ ఆఫ్ డివినిటీ) నాలుగేళ్లు, బైబిల్లోని కొత్త నిబంధన మీద ఎంటీహెచ్‌కు (మాస్టర్ ఆఫ్ థియాలజీ) మరో రెండు. తర్వాత పాస్టరు పని, సెమినరీలో బోధన, బైబిలు అనువాదం. జీతం సాఫ్ట్‌వేర్‌తో పోల్చదగింది కాదు, ఆశ పెట్టను. కానీ మీవాడి చేతిలో ఇంజినీరింగ్ విద్య ఉంది, అదెక్కడికీ పోదు. పౌలు కూడా రాత్రింబవళ్లు కష్టపడి పనిచేశానని థెస్సలొనీకయులకు రాశాడు. మీవాడు ఆకలితో ఉండడు మాస్టారూ. ఆలోచించి అడుగు వేసే పిల్లలు నిలదొక్కుకుంటారు, అది నేను చూస్తూనే ఉన్నాను. సంబంధాల వాళ్లకు ఉన్నదున్నట్టు చెప్పండి. అది విని వెనక్కి తగ్గేవాళ్లు ఇప్పుడే తగ్గడం మీ కోడలికీ మేలు.

అబ్బాయికి ఒక మాట. రేపే రాజీనామా వద్దు. ఉద్యోగం చేస్తూనే సాయంత్రాలు గ్రీకు అక్షరాలు, ప్రాథమిక వ్యాకరణం మొదలుపెట్టు. ఫిలేమోనుకు రాసిన పత్రికలో ఉన్నవి 25 వచనాలే. నిఘంటువు పక్కన పెట్టుకుని, తెలిసిన అధ్యాపకుడి దగ్గర వాటిని దాటు. ఆ తర్వాత కూడా ఇదే కావాలనిపిస్తే దరఖాస్తు చెయ్యి.

మాస్టారూ, చాలా కాలేజీలు సంఘం నుంచి సిఫారసు ఉత్తరం అడుగుతాయి. దాని కోసం పాస్టరుగారి దగ్గరికి వాడిని ఒంటరిగా పంపకండి, మీరే వెంటబెట్టుకుని వెళ్లండి.