కొహోనెస్ అంటే దమ్మేనా?

ప్రశ్న: అమెరికా క్లయింట్‌తో కాల్ నడుస్తుంటే మా మేనేజర్ ఎవరినో మెచ్చుకుంట ‘కొహోనెస్ ఉన్నోడు’ అన్నడు. ధైర్యం అని సమజైంది. తర్వాత నేను గదే మాట చాట్‌ల రాస్తే అందరు నవ్విండ్రు. స్పెల్లింగుల మొదటి ‘ఓ’ బదులు ‘ఏ’ పడ్డదట. గంత నవ్వేదేముంది? అసలు ఈ మాట నేను వాడొచ్చా?
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ‘ఏ’ పడితే అది ‘కహోనెస్’ అవుతుంది. స్పానిష్‌లో డబ్బాలు, టేబుల్ సొరుగులు అని అర్థం. ‘వాడికి సొరుగులున్నాయి’ అన్నట్టు రాశారన్నమాట. ఇంగ్లీషువాళ్లూ తరచూ చేసే తప్పే ఇది.

సరైన మాటకు అసలు అర్థం వృషణాలు. స్పానిష్‌లో పచ్చి బూతు. ధైర్యం అన్న అర్థం దాని మీద ఎక్కింది. పలికేటప్పుడు ఒత్తు ‘హో’ మీద పడాలి. స్పెయిన్‌లో ఆ హకారం ఉర్దూ ‘ఖబర్’లోని ఖ లాగా గొంతు గీరుకుంటూ వస్తుంది. మనవైపు వాళ్లకు అది కష్టం కాదు.

స్పానిష్‌లో లెక్క మారితే అర్థమూ మారుతుంది. ఒక జత ఉందంటే ధైర్యం. ఏదైనా ‘ఒక కొహోన్’ ఖరీదు చేసిందంటే ధర మండిపోతోందని. ‘నాకు మూడు కొహోనెస్’ అంటే ఖాతరు చేయనని. అదే మూలం నుంచి పుట్టిన ఇటాలియన్ ‘కొల్యోనె’, ఫ్రెంచ్ ‘కుయోన్’ మాత్రం తెలివితక్కువవాడికి తిట్లు!

ఇంగ్లీషులోకి ఇది ఎద్దుల పోరు వెంట వచ్చింది. 1932లో అమెరికన్ రచయిత హెమింగ్వే ఆ పోరు మీద రాసిన పుస్తకంలో వాడాడు. 1996 ఫిబ్రవరి 24న క్యూబా యుద్ధవిమానాలు రెండు చిన్న పౌర విమానాలను కూల్చేశాయి, నలుగురు చనిపోయారు. రేడియోలో ఆ క్యూబా పైలట్లు ఇదే మాటతో రొమ్ము విరుచుకున్నారు. ఐక్యరాజ్యసమితిలో అప్పటి అమెరికా రాయబారి మడలిన్ ఆల్‌బ్రైట్, ఇది కొహోనెస్ కాదు, పిరికితనం అని భద్రతా మండలిలోనే అనేసింది. అంత పెద్ద సభలో ఆ మాటా అని చాలామంది ముక్కున వేలేసుకున్నారు.

ఇక మీ సంగతి. తోటివాళ్లతో సరదాగా అయితే సరే. బహువచనంలోనే వాడండి, ముందు ఇంగ్లీషు ఆర్టికల్ ‘ఎ’ చేర్చకండి. ఇంటర్వ్యూలో, మెయిల్‌లో, ముఖ్యంగా స్పానిష్ తెలిసినవాళ్లున్న కాల్‌లో వద్దు. అక్కడ ‘గట్స్’ చాలు. మరీ మర్యాదగా కావాలంటే ‘కరేజ్’. తెలుగులోకి తేవాలంటే ‘దమ్ము’ అనండి, బూతు పోయి పౌరుషం మిగులుతుంది.