కాల్ బుక్కులో కొట్టేసిన పేరు

అమ్మలూ,

రాయగడ పెద్దాసుపత్రిలో జిల్లా రెసిడెన్సీ బాధ్యత నీకిచ్చారని నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. బరంపురం నుంచి మూడేసి నెలలకి వచ్చే పీజీ పిల్లలు ఇకమీదట నీ కిందే అట కదా. పర్లాకిమిడిలో మా వీధి వీధంతా చెప్పుకొచ్చాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. నీకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అమ్మవైపు పోలిక, అంటే నా పోలికే.

డ్యూటీ చార్టు నెల ముందే వెయ్యి. వారానికో సెలవు రాయి, రాశాక లాక్కోకు. డ్యూటీ గదిలో మంచం, దోమతెర, మంచినీళ్లు, తలుపుకి లోపలి గడియ ఉన్నాయో లేదో నువ్వే వెళ్లి చూడు. ఆడపిల్లలకి ఆ గడియే సగం ధైర్యం.

డ్యూటీ గంటల మీద కాగితాలకేం కొదవలేదు. 1992 జూన్‌లో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వులో జూనియర్ రెసిడెంట్లకి, అంటే ఈ పీజీ పిల్లల్లాంటివాళ్లకి, మామూలుగా వారానికి 48 గంటలు, ఏకబిగిన 12 మించొద్దని ఉంది. 2024లో జాతీయ వైద్య కమిషన్ టాస్క్‌ఫోర్సు వారానికి 74 మించొద్దంది. ముప్పై రెండేళ్లలో కాగితం మీద కూడా గంటలు పెరిగాయి, చూశావా!

ఇక అసలు సంగతి. మీ అమ్మకి కూడా చెప్పలేదు.

1998 వానాకాలం. ఆసుపత్రి పేరెందుకులే. నా కింద ఒక కుర్రాడు, కొత్తగా చేరినవాడు. ఓ రాత్రి రెండింటికి వార్డుబాయ్ టార్చి వేసుకుని కాల్ బుక్కుతో, అదే పెద్ద డాక్టర్ని రమ్మని రాసి పంపే పుస్తకంతో, క్వార్టర్‌కి వచ్చాడు. జ్వరం బిడ్డకి క్వినైన్ డోసు గురించి కుర్రాడికి అనుమానమట. వెళ్లాను. వెళ్లి, సిస్టర్ల ముందే "ఎంబీబీఎస్ ఎలా పాసయ్యావురా?" అన్నాను. వాడు తల దించుకున్నాడు. నాకు ఆ రాత్రి హాయిగా నిద్ర పట్టింది.

వారం తిరక్కుండానే, తెల్లవారుజామున ఒక సవర పిల్లాణ్ణి తెచ్చారు. పదేళ్లుంటాయి. కడుపునొప్పి, వాంతులు. నేల మీద పడుకున్నాడట. ఒంటి మీద గాటు లేదు, వాపు లేదు. అయినా మా కుర్రాడికి పాము అనుమానం వచ్చింది. గాజు ట్యూబులో రక్తం తీసి ఇరవై నిమిషాలు కదపకుండా ఉంచాడు. గడ్డకట్టింది. రక్తం గడ్డకట్టిందంటే విషం లేదులే, హమ్మయ్య అనుకుని కడుపునొప్పికి ఇంజెక్షన్ చేశాడు. కట్లపాము విషం రక్తం జోలికి పోదని, నరాలని పడుతుందని నీకు నేను చెప్పాలా? కాసేపటికి పిల్లాడి రెప్పలు వాలాయి. నిద్రొస్తోందని తల్లి జోకొట్టింది.

నన్ను లేపేసరికి ఊపిరి ఆగిపోయింది. అప్పుడిక వెంటిలేటర్ ఎక్కడిది? ఎనిమిదింటిదాకా చేతులు మార్చుకుంటూ అంబూ బ్యాగు, అదే చేత్తో నొక్కి ఊపిరందించే సంచి, నొక్కాం. దక్కలేదు.

"నన్నెందుకు లేపలేదు?" అని అందరి ముందూ అరిచాను. వాడు మాట్లాడలేదు. సాయంత్రం కాల్ బుక్కు తిరగేశాను. 3.10, నా పేరు, "రెప్పలు బరువుగా ఉన్నాయి, ఒకసారి రాగలరు" అని రాసి, పైన అడ్డంగా గీత కొట్టేశాడు. కాగితం చిరిగేంత గట్టిగా.

విచారణలో కేసు కష్టమైనదని చెప్పాను. గీత సంగతి చెప్పలేదు. రెండు వారాలకి వాడు పెట్టె సర్దుకుని వెళ్లిపోయాడు. బస్సు దాకా కూడా వెళ్లలేదు నేను.

అందుకని, నీ పిల్లలు వచ్చిన మొదటి రోజే చెప్పు: రెప్ప వాలినా, ఒక్క ఊపిరిలో లెక్కపెట్టే అంకెలు తగ్గుతున్నా, కాన్పు మనిషికి రక్తం ఆగకపోయినా, బిడ్డకి ఫిట్స్ వచ్చినా, ఆలోచించకుండా ఫోన్ చెయ్యమని. చేస్తే "ఏంటి?" అనకు. "చెప్పు నాన్నా" అను. ఆ తర్వాత వెళ్లు. ఫోన్‌లోనే తేల్చేసే అలవాటు మంచిది కాదు. రాత్రి పదింటికి నువ్వే ఒకసారి చేసి ఎవరి గురించి భయంగా ఉందో అడుగు. తప్పు చేస్తే గదిలోకి పిలిచి, తలుపేసి తిట్టు. తిట్టాక టీ పొయ్యి.

పేషెంటు పోయిన రోజు వాళ్లని ఒంటరిగా వదలకు. మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేసే సర్కారు హెల్ప్‌లైను టెలీ మానస్ నంబరు 14416 గోడకి అంటించు, కానీ అంటించి చేతులు దులుపుకోకు. నైట్ దిగినవాణ్ణి బైకెక్కనివ్వకు. ఘాట్ రోడ్డు మలుపుల్లో కునుకు తీసినవాళ్లని ఎందర్ని కుట్టానో నాకే లెక్క లేదు. నువ్వూ అంతే, నైట్ చేసిన పొద్దున్న కారు తియ్యకు. నవ్వకు, చెప్తున్నాను.

మీ అత్త జంతికలు పంపుతోంది. సగం డ్యూటీ గదిలో పెట్టు. తీరికైతే మజ్జిగౌరమ్మకి నా పేరున కొబ్బరికాయ కొట్టు.

నీకు అనుమానం వస్తే ఎవర్ని లేపుతావే? నన్ను లేపు. ఈ వయసులో రెండింటికి మెలకువగానే ఉంటాను.

మీ మావయ్య