షాపు కంప్యూటర్ ఆన్ చేస్తే ముందు విండోసే రావాలంటే?

ప్రశ్న: బ్రాడీపేటలో చిన్న డీటీపీ, జిరాక్స్ షాపు నడుపుతున్నానండీ. ఉన్నది ఒక్కటే కంప్యూటర్. పెళ్లి కార్డులు, కరపత్రాలు అన్నీ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొడతాం కాబట్టి నాకు విండోస్ లేకపోతే పని నడవదు. ఇంజినీరింగ్ చదివే మా అబ్బాయి మొన్న సెలవుల్లో అందులోనే విండోస్ లాంటి ఇంకో ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్), ఉబుంటు లైనక్స్ కూడా వేశాడు. అప్పటి నుంచి ఆన్ చేయగానే ఒక లిస్టు వస్తోంది, నేను కస్టమర్‌తో మాట్లాడి ఇటు తిరిగేలోపు ఉబుంటులోకి వెళ్లిపోతోంది. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ ఇదే టెన్షన్. ఉబుంటు తీసేయకుండా విండోస్ ముందు వచ్చేలా చేయొచ్చా?
- ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: చేయొచ్చమ్మా, ఉబుంటు తీసేయాల్సిన పనే లేదు. మీరు చూసే ఆ లిస్టు పేరు గ్రబ్. ఏమీ నొక్కకపోతే కాసేపు ఆగి, పైన మొదట ఉన్నదాంట్లోకి, అంటే ఉబుంటులోకి వెళ్లిపోతుంది. మార్చాల్సింది ఆ ఒక్క అలవాటే. ఈ పేజీ మీ అబ్బాయి చేతికివ్వండి, పది నిమిషాల పని.

ఉబుంటులో ఈటీసీ ఫోల్డర్ లోపల డిఫాల్ట్ అనే ఫోల్డర్, దాంట్లో గ్రబ్ అనే ఫైలు ఉంటుంది. ముందు దానికి ఒక కాపీ తీసి పెట్టుకుని, తర్వాత అడ్మిన్ హక్కులిచ్చే సుడో కమాండ్‌తో తెరవాలి. అందులో 'గ్రబ్ డిఫాల్ట్' లైనులో 0 ఉంటుంది. లెక్క సున్నా నుంచి మొదలవుతుంది కాబట్టి, మెనూలో విండోస్ మూడోదైతే 2 వేయాలని చాలామంది చెబుతారు. నేనైతే అంకె వద్దంటాను. రేపు మెనూలో మెమొరీ టెస్ట్ లాంటిదొకటి కొత్తగా చేరితే విండోస్ కిందికి జరుగుతుంది, మీ 2 ఇంకెక్కడికో తీసుకెళ్తుంది. అంకెకు బదులు విండోస్ బూట్ మేనేజర్ అని మెనూలో కనిపించే పేరు మొత్తం, బ్రాకెట్లో ఉన్న డిస్కు పేరుతో సహా, అక్షరం పొల్లుపోకుండా కొటేషన్ గుర్తుల మధ్య రాయమనండి.

తర్వాత 'టైమ్‌అవుట్' లైనులో 5 పెట్టి, 'టైమ్‌అవుట్ స్టైల్' దగ్గర హిడెన్ అని ఉంటే మెనూ అని మార్చాలి. హిడెన్ వదిలేస్తే లిస్టు కనిపించదు, రాత్రి మీ అబ్బాయికి ఉబుంటు కావాలంటే వాడు తిప్పలు పడాలి. ఫైలు సేవ్ చేసి, కమాండ్లు కొట్టే టెర్మినల్ విండోలో సుడో అప్‌డేట్-గ్రబ్ కొడితేనే మార్పు అమల్లోకి వస్తుంది, చాలామంది మర్చిపోయేది ఇదే. బూట్ ఫోల్డర్‌లో ఉండే గ్రబ్ సీఎఫ్‌జీ ఫైలును మాత్రం నేరుగా దిద్దనివ్వకండి, ఉబుంటు గుండెకాయ లాంటి కెర్నల్‌కు కొత్త అప్‌డేట్ రాగానే అది మళ్లీ తయారై మీ మార్పులు పోతాయి.

అప్‌డేట్-గ్రబ్ కొట్టాక లిస్టులో విండోసే మాయమైతే కంగారు పడొద్దు. 2021లో వచ్చిన గ్రబ్ 2.06 నుంచి, పక్కన ఉన్న వేరే ఓఎస్‌లను వెతికే ఓఎస్-ప్రోబర్‌ను మామూలుగా ఆపేసి ఉంచుతున్నారు. అదే ఫైల్లో 'డిజేబుల్ ఓఎస్ ప్రోబర్' లైనుకు ఫాల్స్ అని పెట్టి మళ్లీ అప్‌డేట్-గ్రబ్ కొడితే సరి.

కిందటిసారి ఏది ఎంచుకుంటే ఈసారీ అదే తెరిచే 'సేవ్డ్' పద్ధతి కూడా ఉంది. కానీ మీ ఇంట్లో అది వద్దు. వాడు రాత్రి ఉబుంటులో చదువుకుని పడుకుంటే పొద్దున షాపు తెరిచేసరికి మీకు ఉబుంటే ఎదురవుతుంది. బతుకుతెరువు విండోస్ మీద ఉన్నప్పుడు బాణం గుర్తు నొక్కే పని వాడిదే కావాలి.

ఇంకొకటి, ఉబుంటు లోడవుతుండగా మధ్యలో కరెంటు పోతే తర్వాతిసారి మెనూ 30 సెకన్లు ఆగుతుంది. చెడిపోయిందని అనుకోకండి, అలా ఆగేలాగే పెట్టారు.

ప్రశ్న: ఉబుంటు వాడి విండోస్‌లోకి వస్తే గడియారం ఐదున్నర గంటలు వెనక్కి చూపిస్తోంది. బ్యాటరీ మార్చాలా?
- ఒక పాఠకుడు, పటమట, విజయవాడ

జవాబు: బ్యాటరీ బాగానే ఉంది. మదర్‌బోర్డు గడియారంలో లైనక్స్ యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం పెడుతుంది, విండోస్ దాన్ని మన సమయమే అనుకుంటుంది. ఆ తేడానే 5:30. ఉబుంటులో టైమ్‌డేట్‌సీటీఎల్ సెట్-లోకల్-ఆర్‌టీసీ 1 అని ఒకసారి కొట్టండి. వేసవికో గంట ముందుకు జరిపే దేశాల్లో దీంతో చిక్కులొస్తాయి గానీ, మనకు ఆ గొడవ లేదు.