ఏ పంటికి ఏ ఫిల్లింగ్?

చి.సౌ. సుజాతకు,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు వాట్సాప్‌లో పంపిన ఎక్స్‌రేలు, డాక్టర్ గారు రాసిచ్చిన కాగితం చూశాను. నీకూ, నాన్నకూ, బాబుకూ ఒకేసారి పిప్పిపళ్లు బయటపడితే టెన్షన్ రాకుండా ఎలా ఉంటుంది? "అన్నిటికన్నా మంచి ఫిల్లింగ్ ఏదో ఒక్కటి చెప్పు పెద్దమ్మా, ముగ్గురికీ అదే పెట్టించేస్తాను" అన్నావు. అలాంటి ఒక్కటి లేదమ్మా. ఏళ్ల తరబడి పళ్లు చూసిన దాన్ని కాబట్టి ఖాయంగా చెబుతున్నాను. పుచ్చు ఎక్కడుంది, ఎంత లోతుంది, ఆ పంటి మీద నమిలే బరువు ఎంత పడుతుంది, పని జరిగేంతసేపూ అక్కడ తడి తగలకుండా ఉంచగలరా, ఆ నోరు ఎవరిది అనేవి చూశాకే మెటీరియల్ సంగతి. ధర, రంగు ఆ తర్వాత.

అసలు ఫిల్లింగ్ ఎప్పుడు పనికొస్తుందో ముందు తెలుసుకో. పంటి పైపొర ఎనామెల్‌కు నొప్పి తెలియదు. దాని కింద డెంటిన్, దాని లోపల మనం నరం అనుకునే మెత్తటి భాగం ఉంటాయి. గుంట పడకుండా ఎనామెల్ మీద తెల్లమచ్చ మాత్రమే ఉంటే చాలాసార్లు ఫ్లోరైడ్ పూతతో, తీపి తగ్గించడంతో ఆగిపోతుంది, డ్రిల్ అక్కర్లేదు. డెంటిన్‌లోకి దిగి గుంట పడితే ఫిల్లింగ్ కావాలి. చల్లటి నీళ్లు తగిలి జివ్వుమని, వెంటనే తగ్గిపోతే ఇంకా ఫిల్లింగ్‌తో సరిపోయే అవకాశం ఎక్కువ. వేడి తగిలాక నొప్పి చాలాసేపు లాగుతున్నా, రాత్రి నిద్రలో లేపుతున్నా నరం దాకా వెళ్లిందని అనుమానించాలి. అప్పుడు ఎంత ఖరీదైన సిమెంట్ పెట్టినా ఉపయోగం లేదు, రూట్ కెనాల్ గురించి మాట్లాడుకోవాలి. మీ ముగ్గురిలో ఎవరికీ అలాంటి నొప్పి లేదన్నావు, సంతోషం.

ఇక నీ సంగతి. పై దవడలో పక్కపక్కనే ఉన్న రెండు పళ్ల మధ్య పుచ్చింది. అద్దంలో కనపడకుండా ఎక్స్‌రేలోనే కనపడింది అందుకే. గుంట చిన్నది, నవ్వితే కనపడే చోటు, చుట్టూ ఎనామెల్ గట్టిగా ఉంది. దీనికి కాంపోజిట్, అంటే పంటి రంగు ఫిల్లింగ్, సరైనది. సన్నటి గాజుపొడి కలిపిన రెజిన్, అంటే గట్టిపడే ప్లాస్టిక్ లాంటి పదార్థం అది. 1955లో బ్యూనోకోర్ అనే అమెరికా దంతవైద్యుడు ఆసిడ్‌తో ఎనామెల్‌ను గరుకు చేస్తే రెజిన్ దాన్ని పట్టుకుంటుందని చూపించాడు, ఇవాళ్టి తెల్ల ఫిల్లింగ్‌లన్నిటికీ మూలం అదే. పంటిని పట్టుకునే గుణం ఉంది కాబట్టి, పుచ్చిన మేరకే తీస్తే చాలు, పట్టు కోసం మంచి పన్నును తవ్వక్కర్లేదు.

కానీ కాంపోజిట్‌కు తడి పడదు. పని ఎలా జరుగుతుందో చెబుతాను, కుర్చీలో కూర్చున్నప్పుడు నీకే అర్థమవుతుంది. పుచ్చు తీశాక ఒక జెల్ పూస్తారు, ఎక్కువగా నీలం రంగులో ఉంటుంది. కొద్ది సెకన్లుంచి కడిగి గాలి ఊదితే ఎనామెల్ సున్నం పూసినట్టు మెరుపు పోయి తెల్లగా కనిపిస్తుంది. దాని మీద బాండింగ్ ద్రవం రాసి లైటు పెడతారు. తర్వాత మెటీరియల్‌ను మామూలుగా 2 మిల్లీమీటర్లకు మించని పొరలుగా వేస్తూ ప్రతి పొరకూ నీలిరంగు లైటు పెట్టి గట్టిపరుస్తారు. గట్టిపడేటప్పుడు అది కాస్త ముడుచుకుంటుంది, ఒకేసారి కుక్కేస్తే అంచుల దగ్గర సన్నటి సందు వస్తుంది, అందుకని ఆ పొరలు. ఒకేసారి 4 మిల్లీమీటర్ల దాకా వేయగలిగే రకాలు కూడా ఇప్పుడు వచ్చాయి. ఆ సున్నం తెలుపు మీద ఉమ్మి గానీ, చిగురు నుంచి నెత్తురు గానీ ఒక్క చుక్క పడిందా, పట్టు పోయినట్టే. పైకి చూస్తే బాగానే ఉంటుంది, కొన్నాళ్లకు దాని కిందే మళ్లీ పుచ్చుతుంది. అందుకని డాక్టర్ గారిని నువ్వు అడగాల్సిన మొదటి ప్రశ్న, "ఏ కంపెనీ మెటీరియల్?" అని కాదు, "పంటికి రబ్బర్ డ్యామ్ వేస్తారా, లేకపోతే తడి తగలకుండా ఎలా చూస్తారు?" అని. రబ్బర్ డ్యామ్ అంటే పంటి చుట్టూ బిగించే పల్చటి రబ్బరు తెర. అది అడిగినందుకు మంచి డాక్టర్ ఎవరూ నొచ్చుకోరు. పనయ్యాక ఆ రెండు పళ్ల మధ్య ఫ్లాస్ దారం దూర్చి చూపించమను. కాస్త బిగువుగా, టక్కుమని దిగాలి. వదులుగా జారిపోతే కూరలో నారంతా అక్కడే ఇరుక్కుంటుంది.

నీ కింది దవడపంటిలో చిన్నప్పటి వెండి ఫిల్లింగ్ ఉంది కదా, అందులో పాదరసం ఉందని విని తీయించేయాలా అని అడిగావు. పాదరసం ఉన్నమాట నిజమే, బరువులో దాదాపు సగం అదే. మిగతాది వెండి, తగరం, రాగి. యూరోపియన్ యూనియన్‌లో 2025 జనవరి నుంచి దీని వాడకం దాదాపు ఆపేశారు. పాదరసం వాడకాన్ని తగ్గించుకుంటామని దేశాలు మినమాటా ఒప్పందం చేసుకున్నాయి, మన దేశం కూడా అందులో ఉంది. నీళ్లలో, గాలిలో కలిసే పాదరసం గురించిన ఆందోళన దానికి ప్రధాన కారణం. పిల్లలకూ, గర్భిణులకూ, పాలిచ్చే తల్లులకూ కొత్తగా పెట్టవద్దనే జాగ్రత్త కూడా ఉంది. అంతమాత్రాన నీ పంటిలో ఏ పగులూ లేకుండా ఉన్నదాన్ని భయంతో పీకించుకోకు. నిజానికి దాన్ని డ్రిల్‌తో తొలిచేటప్పుడే పాదరసం ఆవిరి ఎక్కువగా బయటికొస్తుంది, దానికి తోడు మంచి పన్ను కొంత అరిగిపోతుంది. అంచు విరిగినా, దాని పక్కన పుచ్చు మొదలైనా అప్పుడు మార్పించు. దవడపంటి బరువును ఏళ్ల తరబడి మోసిన మెటీరియల్ అది, దాని గౌరవం దానికివ్వాలి.

మీ నాన్నగారి విషయం వేరు. షుగర్ ఉంది, బీపీ మాత్రలకు నోరెండిపోతుంది, చిగుళ్లు కిందికి జారి పళ్ల మొదళ్లు బయటపడ్డాయి. పుచ్చు ఆ మొదళ్ల దగ్గరే పట్టింది. అక్కడ ఎనామెల్ ఉండదు, చిగురు అంచు కాబట్టి పొడిగా ఉంచడమూ కష్టం. అందుకే డాక్టర్ గారు గ్లాస్ అయనోమర్ అని రాశారు, సరిగ్గా రాశారు. తక్కువ ధరది రాశారని నువ్వు చిన్నబుచ్చుకోవద్దు. లండన్‌లో విల్సన్, కెంట్ అనే శాస్త్రవేత్తలు తయారుచేసిన ఈ సిమెంట్ 1970ల నుంచి వాడుకలో ఉంది. పంటిని తనంతట తానే రసాయనికంగా పట్టుకుంటుంది, కాస్త తేమను ఓర్చుకుంటుంది, నెమ్మదిగా ఫ్లోరైడ్ వదులుతుంది. ఫ్లోరైడ్ పేస్టుతో తోముతుంటే అందులోంచి మళ్లీ కొంత తీసుకుంటుంది కూడా. అరుగుదల ఎక్కువ, నమిలే బరువు బాగా పడే పెద్ద గుంటలకు చాలదు. మొదళ్ల దగ్గర ఆ బరువు పడదు కదా. అయితే ఆయన రోజుకు ఐదారు టీలు చక్కెరతో తాగుతూ, మధ్యమధ్యలో నోరెండుతోందని పిప్పరమెంట్లు చప్పరిస్తుంటే ఏ సిమెంటూ నిలవదు. ఎన్ని స్పూన్ల తీపి అన్నదానికన్నా రోజుకు ఎన్నిసార్లు అన్నది పంటికి ఎక్కువ ముఖ్యం. ఈ మాట నేను చెప్పానని చెప్పు, నీ మాట కన్నా వదినగారి మాట కాస్త వింటారు.

బాబుకు ఏడేళ్లు. "పాలపన్నే కదా, ఊడిపోయేదే" అని అల్లుడుగారు అన్నారట. వెనకాల ఉండే ఆ పాల దవడపన్ను పదీ పన్నెండేళ్ల దాకా ఊడదు. అప్పటిదాకా నమలాలి, కింద వచ్చే పంటికి చోటు ఆపాలి. ముందే తీసేస్తే పక్కవి జరిగి వంకర పళ్లొస్తాయి. చిన్న గుంటయితే గ్లాస్ అయనోమర్ చాలు. రెండు దవడపళ్ల మధ్య పెద్దగా పుచ్చితే పిల్లల స్టీల్ క్యాపే ఎక్కువకాలం నిలుస్తుంది, మెరుస్తుందని వద్దనకండి. వాడు భయపడి నోరు తెరవకపోతే సిల్వర్ డైమైన్ ఫ్లోరైడ్ అనే మందు డ్రిల్ లేకుండా పూసి పుచ్చును ఆపొచ్చు. పుచ్చిన మేర శాశ్వతంగా నల్లబడుతుందని ముందే తెలిసి ఒప్పుకోవాలి. ఇంకో సంగతి, పాలపళ్లన్నిటి వెనక ఆరేళ్లకు కొత్తగా వచ్చే పెద్ద పన్ను పాలపన్ను కాదు, జీవితాంతం ఉండాల్సింది. ఏ పన్నూ ఊడకుండానే వస్తుంది కాబట్టి చాలామంది తల్లిదండ్రులు గమనించరు. దాని మీది గీతలు పుచ్చకముందే సీలెంట్, అంటే ఆ గీతలను మూసే పూత, వేయించమని నా గట్టి మాట.

ఎవరికైనా లవంగనూనె వాసనొచ్చే సిమెంట్ పెట్టి మళ్లీ రమ్మంటే అది తాత్కాలికం. నొప్పి తగ్గిందని ఊరుకోకూడదు. పంటి పైభాగంలో ఒక మూల మొత్తం విరిగిపోతే మామూలు ఫిల్లింగ్ నిలవదు, బయట చేయించి అతికించే ఆన్‌లే గానీ, క్యాప్ గానీ అడుగుతారు. అది డబ్బు గుంజడం అనుకోకు. ముగ్గురిదీ కలిపి ఖర్చు భారమైతే హైదరాబాద్ అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ డెంటల్ కాలేజీ ఉంది. విజయవాడలో, కడపలో కూడా ప్రభుత్వ డెంటల్ కాలేజీలున్నాయి. సమయం పడుతుంది గానీ పని నేర్పేవాళ్ల కళ్లముందు జరుగుతుంది.

మొద్దుబారిన పెదవి మళ్లీ మామూలయ్యేదాకా బాబుకు తినడానికేమీ పెట్టకు, తెలియకుండా పెదవి కొరికేసుకుంటాడు. నాన్నగారిని ఆ రోజంతా ఫిల్లింగ్ వైపు గట్టివి నమలొద్దను. నీకు కొద్దిరోజులు చల్లటివి జివ్వుమనొచ్చు. అది రోజురోజుకూ తగ్గాలి, పెరిగితే వెంటనే వెళ్లు. కొరికినప్పుడు ఆ పన్నే ముందు తగులుతున్నట్టుంటే అలవాటవుతుందిలే అని ఊరుకోకుండా మర్నాడే వెళ్లి ఎత్తు సరిచేయించుకో, రెండు నిమిషాల పని. శనివారం ముందు బాబుది చేయించు, పొద్దున్నయితే వాడికి ఓపిక ఉంటుంది. నాన్నగారు టిఫిను తిని, మాత్రలు వేసుకునే రావాలి, ఆ మాత్రల చీటీ వెంట తెచ్చుకోమను.

మీ పెద్దమ్మ