నీటితోనే పేచీ

ఆదోని

చిరంజీవి పాపకు పెద్దనాన్న ఆశీస్సులు.

అనంతపురం ఎండలకు తోడు ప్రాజెక్టు టెన్షన్ కూడా పట్టుకుందని మీ అమ్మ ఫోన్లో చెప్పింది. పత్తితో ఏరోజెల్, అంటే లోపలంతా గాలే ఉండే తేలికపాటి స్పాంజి, చేసి, వేడిని ఆపే పలకా, ఒంటికి కట్టుకునే సెన్సరూ రెండూ తయారు చేస్తానన్నావట. చెయ్యి. కానీ ముందు పలక సంగతి తేల్చుకో.

సరుకుకు బెంగలేదు. ఇక్కడి జిన్నింగ్ మిల్లుల్లో పనికిరాని దూది అడిగితే ఇస్తారు. అందులో 90 శాతం పైగా సెల్యులోజే. పలచటి కాస్టిక్ సోడాలో ఉడకబెట్టి, మైనం వదిలేదాకా కడుగు. 7 శాతం కాస్టిక్ సోడా, 12 శాతం యూరియా కలిపిన నీళ్లను మైనస్ 12 డిగ్రీలకు చల్లార్చి దూది వేసి గట్టిగా కలుపు. మొండికేస్తే ముందు పలచటి ఆమ్లంలో ఉడికించి సెల్యులోజ్ అణువుల పొడవాటి గొలుసులు కొంచెం తెంచుకోవాలి. ఇదంతా పుస్తకం చూసి చేసేదే.

అసలు పని ఆరబెట్టడంలో ఉంది. ఆ ద్రావణం పేరుకుని జెల్ అయ్యాక, ఆ తడి జెల్‌ను ఓవెన్లో పెట్టావో, సన్నటి రంధ్రాల్లోంచి పోయే నీరు తలతన్యతతో గోడలను దగ్గరికి లాగేస్తుంది. తెల్లగా, మెత్తగా ఉన్న ముద్ద కాస్తా గోరు దిగని అట్టముక్కై తేలుతుంది. అందుకే గడ్డకట్టించి, మంచును నేరుగా ఆవిరి చేసే ఫ్రీజ్ డ్రయర్ కావాలి. నెమ్మదిగా గడ్డకడితే మంచు పలుకులు పెద్దవవుతాయి, రంధ్రాలూ పెద్దవే. ఆ పలకకు నిశ్చలమైన గాలి కంటే, అంటే మీటరుకు, కెల్విన్‌కు 0.026 వాట్ల కంటే తక్కువ ఉష్ణవాహకత (వేడిని తనగుండా పోనిచ్చే గుణం) వచ్చిందంటే సంబరపడకు, ముందు మీటర్‌ను అనుమానించు. గాలి అణువు ఇంకోదాన్ని ఢీకొనేలోపు పోయే దూరం 70 నానోమీటర్ల దగ్గర; రంధ్రం అంతకంటే చిన్నదైతేనే ఆ మాటకు అర్థముంది. 0.03 దగ్గరికొచ్చినా మంచి పనే.

నీటిని వెళ్లగొట్టాక మళ్లీ రానివ్వకూడదు. సిలేన్ అనే, నీటిని అంటనివ్వని సిలికాన్ రసాయనం ఆవిరి పట్టిస్తే నీటిబొట్టు పైనే దొర్లుతుంది, ఫొటోకు బాగుంటుంది. గాలిలోని తేమ మాత్రం ఎంతోకొంత లోపలికి పోతూనే ఉంటుంది. పైగా మిద్దె కింద పెట్టే పలక కదా, దూది నిప్పంటుకుంటుంది. బోరాక్స్, బోరిక్ ఆమ్లం పట్టించి కాల్చి చూడు.

ఇక సెన్సర్. కార్బన్ పట్టించిన స్పాంజిని నొక్కితే గోడలు ఒకదానికొకటి తగిలి విద్యుత్ నిరోధం పడిపోతుంది. చెమట పట్టినా పడిపోతుంది! మన ఊళ్లలో మేలో ఇది కట్టుకున్నవాడి నాడి కొట్టుకుందో, చెమటే పట్టిందో గ్రాఫ్ చూసి చెప్పలేం. అందుకని పక్కన నొక్కని ముక్కనొకటి పెట్టి రెండింటినీ కొలువు. తేమకు ఎలా స్పందిస్తుందో చూడాలంటే, ఉప్పు ఇక కరగనంత కలిపిన నీళ్లు అడుగున పోసి డబ్బా మూస్తే లోపల 75 శాతం దగ్గర తేమ నిలుస్తుంది, ఖరీదైన యంత్రమక్కర్లేదు. నొక్కుడు వెయ్యిసార్లకు తక్కువ కాకుండా ఉండాలి. నొక్కడం ఆపాక అంకె మొదటిచోటికే వస్తోందా లేదా అన్నది మీ గైడ్లెవరూ అడక్కపోయినా రాసిపెట్టుకో.

మరొకటి. జెల్‌ను త్వరగా గడ్డకట్టించడానికి ద్రవ నైట్రోజన్ వాడే రోజు కిటికీలు తెరిచి ఉంచు, కళ్లద్దాలు పెట్టుకో. ఆ డబ్బాను లిఫ్టులో పంపాల్సొస్తే దాంతోపాటు నువ్వెక్కకు, ఆవిరయ్యే నైట్రోజన్ మూసిన చోట ఊపిరికి గాలి లేకుండా చేస్తుంది.

మీ పెద్దనాన్న